జిరాక్సు షాపులో దొరకని ప్రశ్న

డిగ్రీ ఆఖరి ఏడాది పిల్లలున్న ఇళ్లలో ఎండలు ముదిరే వేళకు ఒక మాట తెగ వినిపిస్తుంది... ప్రాజెక్టు! దాని వెనకే మరో మాట: ‘మీ సీనియర్ల దగ్గర పాతది ఏమైనా ఉందా?’ ఉంటుంది. ఎందుకుండదు! పెన్‌డ్రైవులో ఉంటుంది, హాస్టలు గది అటక మీద ఉంటుంది, కాలేజీ ఎదురుగా ఉన్న జిరాక్సు షాపు కంప్యూటర్లో అయితే సబ్జెక్టుల వారీగా ఉంటుంది. పేరు మారుతుంది. హాల్‌టికెట్ నంబరు మారుతుంది. ఊరి పేరు మారుతుంది. అట్ట మీద బంగారు రంగు అక్షరాలు పడతాయి. గురువులకూ తల్లిదండ్రులకూ కృతజ్ఞతలు చెప్పే పేజీ మాత్రం అక్షరం మారకుండా అలాగే ఉండిపోతుంది. వైవా అయిపోతుంది, మార్కులు పడతాయి. ఆ పుస్తకం డిపార్టుమెంటు బీరువాలోకి వెళుతుంది. బీరువా నిండాక పాత కాగితాల బండి ఎక్కుతుంది.

ఇందులో నష్టపోయింది ఎవరు? పిల్లవాడికి మార్కులొచ్చాయి. కాలేజీకి లెక్క సరిపోయింది. షాపు యజమానికి నాలుగు డబ్బులు మిగిలాయి. అందరూ బాగుపడ్డట్టే ఉంది. నష్టపోయింది ఎవరంటే, ఆ రిపోర్టులో పేరున్న ఊరు. అందులోనూ ఆ ఊరు అనంతపురం లాంటి కరువు నేల మీద ఉంటే ఆ నష్టం ఇంకా ఎక్కువ. అదెలాగో చూద్దాం.

నాలుగో ఏడు వచ్చింది

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 విద్యా సంవత్సరం నుంచి డిగ్రీ చదువు రూపం మారింది. మూడేళ్ల డిగ్రీకి తోడు నాలుగో ఏడాది చదివితే ఆనర్స్ అన్నారు. మొదటి ఏడాది అయ్యాక వచ్చే సెలవుల్లో విద్యార్థులు ఒక ఊరు ఎంచుకుని 180 గంటలు పనిచేయాలని, ఇంటింటికీ తిరిగి సామాజిక, ఆర్థిక సర్వే చేసి రిపోర్టు రాయాలని నియమం పెట్టారు. దానికి పెట్టిన పేరు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు. 2022 డిసెంబరులో యూజీసీ దేశమంతటికీ వర్తించే నమూనా ఒకటి ప్రకటించింది. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన మార్కులు తెచ్చుకున్నవారు నాలుగో ఏడాది పరిశోధనతో కూడిన ఆనర్స్ తీసుకోవచ్చు. అందులో 12 క్రెడిట్లు ఒక్క పరిశోధన వ్యాసానికే. తెలంగాణ ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో ‘జిజ్ఞాస’ పేరుతో విద్యార్థుల అధ్యయన ప్రాజెక్టులకు పోటీలు కూడా పెట్టారు.

అంటే పీహెచ్‌డీ వాళ్ల పని అనుకునే పరిశోధన ఇప్పుడు ఇరవై ఏళ్ల పిల్లల చేతికి వచ్చింది. ‘వీళ్లేం పరిశోధిస్తారు, పాఠమే సరిగ్గా రాదు’ అని పెదవి విరిచేవాళ్లు మన చుట్టూ తక్కువేం లేరు. వాళ్లకు కొన్ని పాత సంగతులు గుర్తుచేయాలి.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో బీఎస్సీ ఆనర్స్ చదువుతున్న కుర్రాడు సుబ్రహ్మణ్యం చంద్రశేఖర్ రాసిన పత్రాన్ని 1929లో లండన్ రాయల్ సొసైటీ అచ్చువేసింది. అప్పటికి ఆయనకు డిగ్రీ చేతికి రాలేదు. 1983లో నోబెల్ బహుమతి అందుకున్న చంద్రశేఖర్ ఈయనే. అంతకుముందు, 1908లో, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో ఎంఏ చదువుతున్న ఇరవై ఏళ్ల సర్వేపల్లి రాధాకృష్ణన్ వేదాంతంలో నీతి గురించి పరీక్ష కోసం ఒక వ్యాసం రాశారు. ‘మీ వేదాంతంలో నీతికి చోటు లేదు’ అన్న మిషనరీల విమర్శ ఆయన్ని కలవరపెట్టింది. దానికి జవాబే ఆ వ్యాసం. అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో దాదాపు వందేళ్లుగా డిగ్రీ విద్యార్థులు ఆఖరి ఏడాది పరిశోధన వ్యాసం రాయాల్సిందే. 1989లో వెండీ కాప్ అనే విద్యార్థిని, చదువు ముగించిన యువతను పేద బడులకు టీచర్లుగా పంపితే ఎలా ఉంటుందని తన వ్యాసంలో రాసింది. ‘టీచ్ ఫర్ అమెరికా’ అనే సంస్థ అందులోంచే పుట్టింది.

ఈ ముగ్గురూ మేధావులు కదా, మామూలు పిల్లల మాటేమిటి అంటారా? అదీ చెప్పుకుందాం. ఎందుకంటే అసలు కథ మామూలు పిల్లలదే.

1916లో రెండు సంగతులు

1915లో మద్రాసు విశ్వవిద్యాలయానికి గిల్బర్ట్ స్లేటర్ అనే ఇంగ్లిషు ఆర్థికశాస్త్ర ఆచార్యుడు వచ్చాడు. దేశం కొత్త, భాషలు రావు, పల్లెల గురించి పుస్తకాల్లో దొరికేది తక్కువ. ఆయన ఒక ప్రశ్నావళి తయారుచేసి విద్యార్థుల చేతిలో పెట్టాడు. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ ఊరినే పరిశీలించి రాసుకు రమ్మన్నాడు. భూమి ఎవరిది, కౌలు ఎంత, కూలి ఎంత, ఏం తింటారు, ఎవరికి ఎంత అప్పుంది... ఇవీ ప్రశ్నలు. పిల్లలు వెళ్లారు, అడిగారు, రాశారు. ఆ నివేదికలు 1918లో పుస్తకంగా వచ్చాయి. దాని పేరుకు అర్థం ‘కొన్ని దక్షిణ భారత గ్రామాలు’ అని.

అందులో ఇరువేల్పట్టు అని ఒక ఊరుంది. అప్పటి దక్షిణ ఆర్కాటు జిల్లా. 1916లో ఒక విద్యార్థి రాసిన ఆ ఊరి లెక్కను పట్టుకుని 1930లలో పరిశోధకులు మళ్లీ వెళ్లారు. 1981లో మళ్లీ వెళ్లారు. 2008లో మరోసారి వెళ్లారు. తొంభై రెండేళ్లలో ఒక పల్లెలో భూమి చేతులు ఎలా మారింది, కూలివాడి బతుకు ఎంత మారింది, కులం పట్టు ఎక్కడ సడలింది అని చెప్పగలిగారంటే, మొదటి మెట్టు వేసింది ఒక కాలేజీ కుర్రాడు. అతను కొత్త సిద్ధాంతమేదీ కనిపెట్టలేదు. చూసింది చూసినట్టు రాశాడు. రాసింది పోకుండా ఒకరు దాచారు. అంతే.

అదే 1916లో అనంతపురంలో దత్తమండల కళాశాల మొదలైంది. 1800లో నిజాము ఈ జిల్లాలను కుంపిణీకి దత్తం చేశాడు కాబట్టి ఆ పేరు. ఇప్పటి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల అదే. తొలిరోజుల్లో రాధాకృష్ణన్ అక్కడ తత్వశాస్త్రం చెప్పారు. ‘ఆంధ్ర భాషా చరిత్రము’ రాసిన చిలుకూరి నారాయణరావు తెలుగు చెప్పారు. దత్తమండలం అన్న పేరు అవమానంగా ఉందని 1928లో నంద్యాల సభలో ‘రాయలసీమ’ అన్న పేరు ప్రతిపాదించింది ఆయనే అంటారు. ఇంత చరిత్ర ఉన్న నేల మీద, అదే ఏడాది పుట్టిన కాలేజీ పిల్లలు కూడా ప్రతి సెలవులకూ ఒక్కో ఊరి లెక్క రాసి దాచి ఉంటే ఈరోజు మన చేతిలో ఎంత సరుకు ఉండేదో ఊహించండి.

పోయింది పోయింది. ఇప్పుడు ఏం అడగవచ్చో చూద్దాం.

సగటు వాన ఏ ఊళ్లో కురిసింది?

అనంతపురం పీఠభూమికి నైరుతి రుతుపవనాలు పడమటి కనుమలు దాటి వచ్చేసరికి తడి అరిపోతుంది. ఈశాన్య రుతుపవనాలు కోస్తాను తడిపి ఇక్కడికి చేరేసరికి మిగిలేది కొంచెమే. ఉమ్మడి జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 552 మిల్లీమీటర్లు. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లా అని చెబుతుంటారు. ఈ అంకె ఇప్పటికే ఎన్ని ప్రాజెక్టు రిపోర్టుల మొదటి పేజీల్లో ఉందో లెక్కలేదు.

కానీ రైతు ఈ అంకెతో పంట వేయడు. 2022లో జిల్లా రెండుగా విడిపోకముందు ఇక్కడ 63 మండలాలు ఉండేవి. ఒక మండలంలో కురిసిన వాన పక్క మండలంలో కురవదు. ఒక్కోసారి ఊరికి తూర్పు చేను తడుస్తుంది, పడమటి చేను నోరు తెరుచుకునే ఉంటుంది. వేరుశనగకు, ఇక్కడివాళ్ల మాటల్లో శెనక్కాయకు, పూత వచ్చి ఊడలు దిగే వేళ నేలలో పదును ఉండాలి. అప్పుడు ఇరవై రోజులు మబ్బు మొహం చాటేసి, కోతలప్పుడు మూడు రోజులు కుండపోత పోస్తే ఏడాది సగటు నిండుగానే ఉంటుంది. చేను మాత్రం ఎండిపోయి ఉంటుంది. సగటు నిండింది, గాదె నిండలేదు!

ఇక్కడే స్టాటిస్టిక్స్ చదివే పిల్లకు ఒక ప్రశ్న దొరికింది. ‘అనంతపురం జిల్లాలో కరువు - ఒక అధ్యయనం’ అని పెడితే అది ప్రశ్న కాదు, సముద్రం. దూకినవాళ్లు జిరాక్సు షాపు దగ్గరే తేలతారు. ‘మా మండలంలో గత ముప్పై ఏళ్లలో జులై, ఆగస్టు నెలల్లో వరసగా పదిహేను రోజులకు మించి వాన పడని సందర్భాలు ఎన్ని?’ అని అడగండి. వాతావరణ శాఖ లెక్కలో 2.5 మిల్లీమీటర్లు, ఆపైన పడితేనే వాన రోజు. మండలాల్లో వర్షమానాలున్నాయి, ఆ అంకెలు ప్రభుత్వ ఆఫీసుల్లో ఉన్నాయి. ఒక కంప్యూటరు, ఒక నెల ఓపిక చాలు. వచ్చే జవాబు ఆ మండలం రైతుకు, బ్యాంకు మేనేజరుకు, పంటల బీమా అధికారికి కూడా పనికొస్తుంది. ఇంతవరకు ఆ మండలానికి ఆ లెక్క ఎవరూ కట్టకపోతే, కట్టిన మొదటి మనిషి ఆ పిల్లే అవుతుంది. పరిశోధన అంటే అదే.

వయ్యారిభామ చేసిన పని

వృక్షశాస్త్రం పిల్లలకు 2000 సంవత్సరం కథ ఒక పాఠం. ఆ ఏడాది జిల్లాలో వేరుశనగ మొక్కలు మొవ్వు మాడి, కాండం నల్లబడి చేలకు చేలు చచ్చిపోయాయి. అంతకుముందే తెలిసిన మొవ్వుకుళ్లు తెగులు అని మొదట అనుకున్నారు. దెబ్బతిన్న పంట సుమారు 2.25 లక్షల హెక్టార్లు, నష్టం 300 కోట్ల రూపాయలకు పైనే. పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పరీక్షించి చూస్తే అది వేరే వైరస్ అని తేలింది. పొగాకు మీద కనిపించే ఒక జాతి వైరస్. మరి అది శెనక్కాయ చేలోకి ఎలా వచ్చింది?

వయ్యారిభామ మొక్క తెలుసుగా! గట్ల మీద, రోడ్డు పక్కన తెల్లపూలతో విరగబూసే కలుపు. దాని ఒంట్లో ఈ వైరస్ ఉంటుంది, పైకి మాత్రం ఏ జబ్బూ కనిపించదు. పుప్పొడి గాలికి ఎగిరి, తామర పురుగుల ఒంటికి అంటుకుని చేలో పడుతుంది. తామర పురుగు ఆకును గీరిన చోట వైరస్ లోపలికి దిగుతుంది. అంటే దొంగ ఇంట్లోకి రాకముందే గట్టు మీద కాపురం పెట్టాడన్నమాట! అందుకే గట్ల మీద కలుపు పీకేయమని, చేను చుట్టూ జొన్నో సజ్జో నాలుగు సాళ్లు అడ్డంగా వేయమని శాస్త్రవేత్తలు చెప్పారు.

వైరస్‌ను గుర్తించాలంటే పెద్ద ప్రయోగశాల కావాలి. అది డిగ్రీ కాలేజీలో లేదు. కానీ మీ ఊరి గట్ల మీద వయ్యారిభామ ఏ వారం పూతకు వస్తుంది, శెనక్కాయ ఏ వారం మొలకెత్తుతుంది, ఈ రెండూ ఏ ఏడాది కలిశాయి, ఏ ఏడాది తప్పాయి... ఇవి చూడ్డానికి రెండు కళ్లు, ఒక నోటుపుస్తకం, వారం వారం అదే గట్టు మీదికి వెళ్లే కాళ్లు చాలు. పెద్ద ప్రయోగశాలలో ఉన్న శాస్త్రవేత్తకు వారం వారం మీ ఊరి గట్టు మీదికి రావడం కుదరదు. మీకు కుదురుతుంది. ఈ ఒక్క విషయంలో ఊరి కాలేజీ పిల్లది పై చెయ్యి.

అనంతపురం రైతును బోర్ల గురించి కదిపి చూడండి. పిల్లల పుట్టినరోజులు మరిచిపోయినవాళ్లు కూడా బోర్ల లెక్క మరిచిపోరు. ఏ ఏడాది వేశాడు, ఎన్ని అడుగులు పోయింది, రెండించుల నీళ్లు పడ్డాయా, దుమ్మే లేచిందా, దానికోసం ఏ నగ కుదువ పెట్టాడు... పూసగుచ్చినట్టు చెబుతాడు. ఈ లెక్క ఏ పుస్తకంలోనూ ఇంత వివరంగా లేదు, మనుషుల నోట ఉంది. ఒక ఊళ్లో నలభై ఇళ్లు తిరిగి, సంవత్సరం ఒక వైపు, లోతు ఒక వైపు పెట్టి చుక్కలు గుర్తించుకుంటూ పోతే, నీళ్లు ఏ దశకంలో ఎంత కిందికి దిగాయో ఒక్క కాగితం మీద కనిపిస్తుంది. ఆర్థికశాస్త్రం పిల్లాడు పక్కనే అప్పు గీత కూడా గీస్తే రెండు గీతలూ ఎక్కడెక్కడ కలిసి నడిచాయో తేలుతుంది. ఇది చెప్పేవాళ్లు ముసలివాళ్లయ్యారు. ఈ పదేళ్లలో రాసుకోకపోతే ఆ లెక్క ఇక ఉండదు.

ఆ నీళ్లలో ఏముందన్నది కెమిస్ట్రీ పిల్లల వంతు. గ్రానైటు రాళ్ల సందుల్లో ఊరిన నీటిలో ఫ్లోరైడు ఎక్కువగా ఉంటుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదని లెక్క. జిల్లాలో పళ్లు గారపట్టిన ఊళ్లు, నడుములు వంగిన ఊళ్లు ఉన్నాయి. 1990లలో సత్యసాయి తాగునీటి పథకం వందల ఊళ్లకు నీళ్లు తెచ్చిన వెనక ఈ బాధ కూడా ఉంది. ఒకే బోరు నీటిని వానలకు ముందు, వానల తర్వాత పరీక్షించి తేడా ఎంతో చూడటం డిగ్రీ ప్రయోగశాలలో అయ్యే పనే. తేడా కనిపించకపోతే? ‘తేడా లేదు’ అని రాయాలి. అదీ ఫలితమే. ఏదో ఒకటి తేలాలని అంకె దిద్దితే అదే అసలు తప్పు.

తెలుగు, చరిత్ర పిల్లలు తక్కువా?

ప్రయోగశాల లేనివాళ్లకు పని లేదనుకోకండి. పక్కనే కడప జిల్లాలో పోరుమామిళ్ల చెరువుంది. అక్కడ 1369 నాటి శాసనం ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించింది. చెరువు తవ్వాలంటే ఉండాల్సిన సాధనాలు పన్నెండు, తగలకూడని దోషాలు ఆరు అని అందులో వరసగా చెక్కారు. నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం ఆ దోషాల్లో ఒకటి! రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్లు పట్టిందని కూడా రాసిపెట్టారు. ఒక రకంగా అది రాతి మీద చెక్కిన ప్రాజెక్టు రిపోర్టు. ఆరున్నర వందల ఏళ్లు నిలిచింది. మన రిపోర్టు ఆరున్నర నెలలు నిలవడం లేదు.

బుక్కపట్నం, ధర్మవరం, శింగనమల... అనంతపురం నేల నిండా చెరువులే. ఆ ఆరు దోషాల పట్టిక చేతబట్టుకుని చరిత్ర విద్యార్థి తన ఊరి చెరువు గట్టు మీద నడిస్తే ఎన్ని దోషాలు పుట్టుకతో వచ్చినవో, ఎన్ని మనం తెచ్చిపెట్టినవో తెలుస్తుంది.

ఇక తెలుగు విద్యార్థులు. తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’లో ఈ కరువు బతుకును కావ్యం చేశారు. దాని మీద పది వ్యాసాలు చదివి పదకొండోది రాయడం ఒక పద్ధతి. అదే ఊళ్లకు వెళ్లి, గొర్రు, గుంటక, మడకలతో సేద్యం చేసిన పెద్దల దగ్గర కూర్చుని ఆ పనిముట్ల భాగాల పేర్లు, వానకున్న పేర్లు, నేల రకాలకున్న పేర్లు రాసుకోవడం ఇంకో పద్ధతి. ట్రాక్టరు వచ్చాక ఆ మాటలు ఒక్కొక్కటే జారిపోతున్నాయి. నిఘంటువులో లేని మాటలు యాభై పట్టుకొచ్చిన పిల్లాడు నా దృష్టిలో ఆనర్స్ పాసైనట్టే.

తప్పు పిల్లలది ఒక్కటేనా?

మరి ఇన్ని ప్రశ్నలు కాళ్లకు తగులుతుంటే పిల్లలు షాపుకు ఎందుకు పరిగెత్తుతారు? సోమరితనం అని తేల్చేయడం తేలిక. ఒక అధ్యాపకుడికి పాతికా ముప్పై మందిని అప్పగించి, రిపోర్టుకు ఇన్ని పేజీలు ఉండాలని నియమం పెట్టి, వైవాను రెండు నిమిషాల్లో ముగిస్తే ఏ పిల్లాడైనా ఏం నేర్చుకుంటాడు? పేజీలు నింపడం నేర్చుకుంటాడు. అధ్యాపకులు కూడా పాపం ఏం చేస్తారు... ఖాళీలు నింపరు, పనులు తగ్గవు.

అయినా పెద్ద ఖర్చు లేకుండా మారగలిగినవి కొన్ని ఉన్నాయి. రిపోర్టు ఎనభై పేజీలు ఉండాలన్న నియమం తీసేసి ఇరవై పేజీలు చాలు అనవచ్చు. అట్ట కంటే ముందు పిల్లాడు ఊళ్లో రాసుకున్న నోటుపుస్తకాన్ని అడిగి చూడవచ్చు. చెమట మరకలు, కొట్టివేతలు, టీ చుక్కలు ఉన్న నోటుపుస్తకాన్ని ఏ షాపూ అమ్మలేదు! వైవాలో ‘నీకు ముందు తెలియనిది ఏం తెలిసింది?’ అన్న ఒక్క ప్రశ్న వేయవచ్చు. సొంతంగా తిరిగినవాడు దానికి అరగంట చెబుతాడు. తిరగనివాడు నేల చూపులు చూస్తాడు. తల్లిదండ్రులకు కూడా ఒక పనుంది. ‘ప్రాజెక్టుకు ఎంతవుతుంది?’ అని జేబు తడుముకునే ముందు ‘దేని మీద, ఎందుకు?’ అని అడగండి. ఆ సంభాషణ అన్నం దగ్గర జరిగితే సగం పని అయినట్టే.

ఊరికి ఉన్న బాకీ

అసలు సంగతి ఒకటి మిగిలింది. అనంతపురం పల్లెలకు సర్వేలు కొత్త కాదు. కరువు బృందాలు వచ్చాయి, కమిటీలు వచ్చాయి, స్వచ్ఛంద సంస్థలు వచ్చాయి, పత్రికలవాళ్లం మేమూ వెళ్లాం. అందరూ అడిగేవి అవే ప్రశ్నలు. కాబట్టి ఫారం పట్టుకుని గడపలోకి వచ్చిన కాలేజీ పిల్లను చూసి ‘ఏం పాపా, ఏమన్నా ఇస్తారా ఏంది? ఇట్లే శానామంది వచ్చి రాసుకోని పోయినారు, మళ్లా ఒక్కరు గూడా రాలేదు’ అని ఎవరైనా అంటే అందులో కోపం వెతకకూడదు. వాళ్లు చెప్పింది నిజం. పొద్దున్నే కూలికి వెళ్లాల్సిన మనిషి గంటసేపు అరుగు మీద కూర్చుని తన అప్పు, తన బోరు, బెంగళూరుకు వలస వెళ్లిన కొడుకు సంగతి చెప్పిందంటే, ఆమె ఒక గంట కూలిని, కొంత గుట్టును మన చేతిలో పెట్టింది. అది తీసుకుని వెళ్లి, చివరకు షాపులో కొన్న పేజీలకు ఆ ఊరి పేరు తగిలిస్తే, తీసుకున్న అప్పు ఎగ్గొట్టినట్టే.

ఈ బాకీ తీర్చడం కష్టమేం కాదు. రిపోర్టు అయ్యాక ఒక సాయంత్రం మళ్లీ ఆ ఊరికి వెళ్లాలి. రచ్చబండ దగ్గర కూర్చుని, ‘మీరు చెప్పినవన్నీ కలిపి చూస్తే ఇది తేలింది’ అని తెలుగులో, పది నిమిషాల్లో చెప్పాలి. ఎవరి అప్పు ఎంత అన్నది పేర్లతో బయటపెట్టకూడదు. అది వాళ్ల గుట్టు. మొత్తం ఊరి లెక్క చెప్పాలి. తప్పు ఉంటే అక్కడే ఎవరో ఒకరు ‘అట్లగాదు పాపా, ఆ యేడు వాన పడింది, తెగులు తినింది’ అని దిద్దుతారు. ఆ దిద్దుబాటును మించిన వైవా ఇంకొకటి ఉండదు. ఆ తర్వాత ఒక ప్రతి పంచాయతీ ఆఫీసులో, ఒకటి ఊరి బడిలో, ఒకటి కాలేజీ లైబ్రరీలో ఊరి పేరుతో, సంవత్సరంతో ఉంచాలి. లైబ్రరీలో మండలానికి ఒక అర కేటాయిస్తే చాలు. ఏటా ఒకే ఊరికి కొత్త బ్యాచి వెళ్లి పాత రిపోర్టును ముందు పెట్టుకుని మళ్లీ లెక్క తీస్తే, పదేళ్లకు ఆ ఊరి నాడి దొరుకుతుంది.

కరువు నేల మీద వాన మన చేతిలో లేదు. రాసిపెట్టుకోవడం మన చేతిలో ఉంది. ఇరువేల్పట్టుకు 1916లో ఒక విద్యార్థి దొరికాడు కాబట్టి ఆ ఊరికి తొంభై ఏళ్ల జ్ఞాపకం మిగిలింది. మన కళ్యాణదుర్గం, కదిరి, రాయదుర్గం పల్లెలకు ఇప్పుడు ఏటా బ్యాచీలకు బ్యాచీలే వెళుతున్నారు. వాళ్లలో పదిమందికి ఒకరు నిజంగా అడిగి, నిజంగా రాస్తే చాలు. ఆ కాగితాలను పాత కాగితాల బండికి వేయకుండా చూసే బాధ్యత మాత్రం పెద్దలదే.